కాలువ నమ్మకం లేని ఏడాది కుంటలో చేపలు: నీళ్లు ఎన్ని ఉన్నాయో కాదు, ఎలా ఉన్నాయో చూడండి

తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి 2024 ఆగస్టు 10 రాత్రి కొట్టుకుపోయిన సంగతి విడపనకల్లు మండలంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. వారం రోజుల్లో స్టాప్‌లాగ్ దించి నీళ్లు నిలబెట్టారు గానీ, ఆ రోజు నుంచి హెచ్చెల్సీ మీద, గుంతకల్లు బ్రాంచి కాలువ మీద మన రైతుకున్న ధీమా మాత్రం తగ్గింది. 2025లో డ్యామ్‌లో 80 టీఎంసీలకు మించి నిల్వ పెట్టకూడదన్నారు. 33 గేట్లూ మార్చాలంటే డ్యామ్ ఖాళీ చేయాలి కాబట్టి రెండో పంటకు నీళ్లు లేవన్నారు. అసలు మొదట్లో 133 టీఎంసీలు పట్టిన డ్యామ్ పూడిక పేరుకుని 105 టీఎంసీలకు వచ్చింది. గేట్లు కొత్తవి పెట్టినా ఆ పూడిక పోదు.

ఇదే సమయంలో ఉపాధి హామీ కింద కుంటల తవ్వకం మళ్లీ జోరందుకుంది. 2016 ప్రాంతంలో పంట సంజీవని పేరుతో తవ్వినవి కొన్ని పూడిపోయాయి, కొన్ని నిలిచాయి. 2025 మార్చిలో కర్నూలు జిల్లా పూడిచెర్లలో ప్రభుత్వం రాష్ట్రమంతా 1.55 లక్షల కుంటలు తవ్విస్తామని పని మొదలుపెట్టింది. పొలంలో కుంట వచ్చాక చాలామంది అడిగే మొదటి మాట ఒకటే: ఇందులో చేపలు వేయొచ్చా?

వేయొచ్చు. కానీ భీమవరం, కైకలూరు వైపు రైతు చెప్పిన పద్ధతి, ఫోన్లో వీడియోలో చూసిన పద్ధతి ఇక్కడ యథాతథంగా దించితే నష్టపోతారు. అక్కడ ఎకరాలకు ఎకరాల చెరువులు, పక్కనే కాలువ, ఏరేటర్లు, రాత్రి కూడా కాపలా. మన దగ్గర నల్లరేగడిలో రెండున్నర సెంట్ల కుంట, ఏటా 550 మిల్లీమీటర్ల వాన, బోరు పడితే ఉప్పు నీళ్లు. అక్కడ చేపకు జబ్బు పెద్ద సమస్య. ఇక్కడ నీళ్లే పెద్ద సమస్య. అది కూడా చాలామంది అనుకునే తీరులో కాదు. కుంట ఎండిపోయి చేపలు చచ్చేది తక్కువ. కుంటలో ఇంకా నడుం లోతు నీళ్లు ఉండగానే, ఒక తెల్లవారుజామున అన్నీ తేలిపోయేది ఎక్కువ.

లోతు సగమైతే నీళ్లు సగం కావు

ముందు ఒక లెక్క చూడండి. పైన 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, 2 మీటర్ల లోతు, గట్లు ఒకటికి ఒకటి వాలుగా తవ్విన కుంట అనుకుందాం. అడుగున అది 6 మీటర్లకు 6 మీటర్లే ఉంటుంది. అంచు వరకు నిండితే పట్టేది 130 ఘనపు మీటర్లు, అంటే లక్షా ముప్పై వేల లీటర్లు. ఇప్పుడు నీళ్లు మీటరు లోతుకు దిగాయనుకోండి. మిగిలేది 49 వేల లీటర్లే. లోతు సగమైంది, నీళ్లు మాత్రం మూడో వంతు కంటే కాస్త ఎక్కువకు పడిపోయాయి. వాలు గట్ల వల్ల వచ్చే తేడా ఇది. గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు.

ఇందులో అరకిలో చేపలు వంద ఉన్నాయనుకుందాం. మొత్తం 50 కిలోలు. 30 డిగ్రీల వేడిలో కిలో కార్పు చేప గంటకు సుమారు పావు గ్రాము ఆక్సిజన్ వాడుకుంటుంది. రాత్రి 12 గంటలకు 50 కిలోలకు 150 గ్రాములు. సాయంత్రం నీటిలో లీటరుకు 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, నిండు కుంటలో మొత్తం 780 గ్రాములు ఉన్నట్టు. చేపలు 150 తీసుకున్నా తెల్లవారికి లీటరుకు దాదాపు 5 మిల్లీగ్రాములు మిగులుతుంది. చేప హాయిగా ఉంటుంది. సగం లోతులో ఉన్నది 294 గ్రాములే. అందులో 150 పోతే మిగిలేది లీటరుకు 3 కంటే తక్కువ. పైగా ఈ లెక్కలో అడుగు బురద, నీటిలోని పచ్చనాచు రాత్రిపూట పీల్చేది కలపలేదు. చాలా కుంటల్లో చేపల కన్నా అవే ఎక్కువ పీలుస్తాయి. గాలి తగిలి కొంత ఆక్సిజన్ పైనుంచి కలుస్తుంది నిజమే, గాలి ఆడని రాత్రి ఆ కాస్తా ఉండదు.

అందుకే నవంబరులో బాగున్న అవే చేపలు ఫిబ్రవరిలో చచ్చిపోతాయి. రైతు జబ్బు వచ్చిందనుకుంటాడు. దుకాణంలో మందు డబ్బా కొంటాడు. అప్పటికి చేపలు పెరిగాయి, నీళ్లు తగ్గాయి, అంతే జరిగింది.

ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకున్నా నెలకు 24 సెంటీమీటర్లు, ముక్కాలడుగుకు పైనే. మిరపకు ఒక తడి ఇవ్వాలని ఇంజను పెడితే ఒక్క పూటలో అంతకు అంత పోతుంది. కుంట తవ్వింది పంటకు ప్రాణం పోయడానికే కాబట్టి ఆ తడి వద్దనలేం. కాకపోతే ముందే ఒక కొలకర్ర పాతుకోండి. అడుగుల గుర్తులు పెట్టుకోండి. నాలుగడుగుల గుర్తు దగ్గర ఎర్ర రంగు పూయండి. నీళ్లు ఆ రంగుకు చేరాక రెండే దారులు: ఇంజను ఆపడం, లేదా ఆ వారంలోనే పెద్ద చేపలు పట్టేసి బరువు సగం చేయడం. మూడో దారి లేదు.

తెల్లవారుజామున చేప నోరు తెరిచి తేలితే

మనం పీల్చే లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. లీటరు నీటిలో ఏడెనిమిది మిల్లీగ్రాములే. చేప ఆ కాస్తలో నుంచే బతకాలి. అందుకే దాని మొప్పల్లో రక్తం ఒక వైపుకు, నీళ్లు దానికి ఎదురు వైపుకు పోయేలా ఉంటాయి. ఎదురెదురుగా నడవడం వల్ల నీటిలో ఉన్న ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం రక్తంలోకి లాగగలదు. అంత పనితనం ఉన్నా, నీటిలోనే లేకపోతే లాగేదేముంటుంది?

వేడి ఇక్కడ రెండు వైపులా కొడుతుంది. 20 డిగ్రీల దగ్గర నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నర, 35 డిగ్రీలకు 7 కరగడం కూడా కష్టమే. మన పీఠభూమి సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి ఆ అంకెల్లో ఇంకో అయిదు శాతం తగ్గించుకోవాలి. మరోవైపు చేపది చల్లని రక్తం, నీరు ఎంత వేడెక్కితే దాని ఒళ్లు అంత వేడెక్కుతుంది. 10 డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఎండాకాలంలో చేపకు అవసరం పెరిగేదీ, నీటిలో దొరకడం తగ్గేదీ ఒకేసారి.

పగలు పచ్చనాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. సాయంత్రం నాలుగింటికి అత్యధికం, తెల్లవారు నాలుగు నుంచి ఆరు మధ్య అత్యల్పం. రాత్రంతా అందరూ వదిలిన బొగ్గుపులుసు వాయువు కూడా నీటిలో పేరుకుంటుంది. ఆ వాయువు ఎక్కువైతే చేప రక్తం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకోలేదు. కాబట్టి మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ 3 ఉన్నా చేపకు 2 ఉన్నట్టే అనిపిస్తుంది. ఈ పద్ధతిలో చేప చచ్చే ముందు రైతుకు కబురు పెడుతుంది: పొద్దున్నే పైకి వచ్చి నోరు తెరిచి నీటి పైపొరను మింగుతుంది. చప్పుడు చేస్తే మునిగి మళ్లీ వస్తే ఇంకా సమయం ఉన్నట్టు. చప్పుడు చేసినా కదలక, ఒడ్డుకు చేరి ఒరుగుతుంటే గంట, రెండు గంటలే ఉన్నట్టు. బొచ్చె ముందు తేలుతుంది, బంగారు తీగ చివర. బొచ్చెలు మాత్రమే తేలిన రోజునే పని మొదలుపెట్టండి.

ఆ పని ఏమిటంటే, ఆ రోజు మేత బంద్. పేడ నీళ్లు బంద్. ఇంజను కుంటలోనే పెట్టి, అదే నీటిని పైకి లాగి, పైపు చివర చెయ్యో రాయో అడ్డం పెట్టి చిమ్మేలా తిరిగి కుంటలోనే పోయండి. తెల్లవారు మూడింటికి మొదలుపెట్టి ఎండ వచ్చే వరకు నడపండి. దుకాణాల్లో ఆక్సిజన్ మాత్రలు అమ్ముతారు. ఒక్క రాత్రి గండం గట్టెక్కడానికి పనికొస్తాయి, కానీ చాలావాటిలో సోడా కార్బోనేట్ ఉంటుంది, అది నీటి పీహెచ్ పెంచుతుంది. మన నీళ్లకు ఆ పెంపు ఎందుకు ప్రమాదమో కింద చెబుతాం.

రెండు మూడు రోజులు ముసురు పట్టినప్పుడు ఇదే గండం. ఎండ లేక నాచు ఆక్సిజన్ చేయదు, పీల్చడం మాత్రం ఆపదు. వేసవిలో హఠాత్తుగా కురిసే తొలకరి వాన ఇంకొకటి. పైనున్న వేడి నీరు చల్లబడి కిందకు దిగి, అడుగున ఊపిరి లేకుండా ఉన్న నీటిని పైకి తెస్తుంది. వాన పడిందని సంతోషపడే రాత్రే కుంట దగ్గర మనిషి ఉండాలి.

నాచు ఎంత ఉండాలో చూడటానికి యంత్రం అక్కర్లేదు. చెయ్యి నీటిలో మోచేతి వరకు ముంచి అరచెయ్యి కనబడుతోందా చూడండి. మోచెయ్యి మునిగాక అరచెయ్యి మసకబారితే సరిగ్గా ఉన్నట్టు. మణికట్టు దాటగానే కనబడకపోతే, ఆకుపచ్చ రంగు అయితే నాచు ఎక్కువైంది. మేత, పేడ తగ్గించండి. గోధుమ రంగు అయితే అది నాచు కాదు, మన రేగడి మన్ను.

సున్నం చల్లాలా? ముందు పీహెచ్ చూడండి

కోస్తాలో చెరువు తయారీ అంటే మొదట సున్నం. అక్కడి కొన్ని నేలలకు అది సరైనదే. నల్లరేగడి నేలలో సున్నపు గులకలు మీరే ఏరి పారేస్తుంటారు. ఆ నేల మీద కట్టిన నీరు ఇప్పటికే క్షార గుణంతో ఉంటుంది. అక్కడ మళ్లీ సున్నం చల్లడం డబ్బు దండగ. ఒక్కోసారి అంతకంటే చెడ్డది కూడా.

చేపకు మూత్రంలో వెళ్లేది తక్కువ. తిన్న మాంసకృత్తుల వ్యర్థం అమోనియాగా మొప్పల నుంచే నీటిలోకి పోతుంది. నీటిలో ఆ అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చేయనిది, ఇంకొకటి విషం. ఏది ఎంత అనేది పీహెచ్ నిర్ణయిస్తుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విష రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 ఉంటే ఏడెనిమిది పాళ్లు. 9 ఉంటే నలభై పాళ్లు దాటుతుంది. అంటే కుంటలో అమోనియా ఏమాత్రం పెరగకపోయినా, పీహెచ్ 8 నుంచి 9కి పోతే విషం ఆరు రెట్లు అవుతుంది. మేత మిగిలి, అమోనియా ఎక్కువగా ఉన్న కుంటలో పొడి సున్నం చల్లితే అదే జరుగుతుంది. చల్లిన సాయంత్రమే చేపలు గిరగిరా తిరిగి, ఒంటి మీద జిగురు కారి చస్తే అది సున్నం పని.

నీటిలో విషం పెరిగితే చేప రక్తంలోని అమోనియా మొప్పల నుంచి బయటికి పోలేదు. రక్తంలోనే పేరుకుంటుంది. మేత మానేస్తుంది, మొప్పలు వాస్తాయి, ఆపై ఆక్సిజన్ ఉన్నా లాగలేదు. అందుకే అమోనియా సమస్య చాలాసార్లు ఆక్సిజన్ సమస్యలాగే కనబడుతుంది. తేడా ఒక్కటి: ఆక్సిజన్ లేకపోతే తెల్లవారు తేలతాయి, అమోనియా ఎక్కువైతే మధ్యాహ్నం కూడా అశాంతిగా ఉంటాయి. నాచు పగలంతా బొగ్గుపులుసు వాయువును తినేయడం వల్ల పీహెచ్ మధ్యాహ్నమే పెరుగుతుంది. కాబట్టి పీహెచ్ కాగితం పొద్దున కాదు, మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య పెట్టి చూడండి. పొద్దున 8 చూపించే కుంట మధ్యాహ్నం 9.2 చూపించడం మామూలే.

మధ్యాహ్నం 9 దాటుతుంటే సున్నం జోలికి పోవద్దు. మేత సగం చేయండి, కుదిరితే కొంత నీరు పొలానికి తీసి కొత్త నీరు కలపండి. మన మండలంలో కొన్ని బోర్ల నీళ్లలో సోడా గుణం ఎక్కువ, సున్నపు గుణం తక్కువ. అలాంటి నీళ్లకు జిప్సం పనికొస్తుంది. అది కాల్షియం ఇస్తుంది, పీహెచ్ పెంచదు, తేలుతున్న రేగడి బురద కూడా అడుగుకు దిగుతుంది. వేరుశనగకు వేసే జిప్సమే. ఎంత అనేది నీటి పరీక్ష చూసి వేయాలి. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, మీ రైతు సేవా కేంద్రం ద్వారా మత్స్య సహాయకుడిని గానీ అడగండి. నీటి సీసా తీసుకెళ్లేటప్పుడు కుంట నీరు ఒకటి, బోరు నీరు ఒకటి, రెండూ తీసుకెళ్లండి.

బోరు నీళ్లు నేరుగా పోయకండి

కాలువ రాదనుకున్న ఏడాది బోరే దిక్కు. బోరు నీటిలో మూడు గుణాలు గుర్తుంచుకోవాలి.

భూమి లోపలి నీటికి గాలి తగలదు. అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. పైపు చివర నీటిలో ముంచి పెట్టి నింపితే చేపలున్న కుంటకు మీరే ఊపిరాడని నీరు పోసినట్టు. పైపును గట్టు మీద రాళ్ల కుప్ప మీదికి వదిలి, చిందుతూ, కాలువలో పది గజాలు పారి కుంటలోకి దిగేలా చేయండి. లోతైన బోర్లలో ఒత్తిడి మీద కరిగి ఉన్న గాలి పైకి వచ్చాక చేప రక్తంలో బుడగలు కట్టడం కూడా ఉంది. కళ్లు ఉబ్బుతాయి, రెక్కల్లో బుడగలు కనబడతాయి. చిందించి పోస్తే అదీ పోతుంది.

ఉప్పు సంగతి కొంచెం వేరు. చేప రక్తంలో లీటరుకు 9 గ్రాముల చొప్పున లవణాలు ఉంటాయి. మంచినీటి చేప ఒంట్లోకి బయటి నీరు మొప్పల ద్వారా ఊరుతూనే ఉంటుంది. అది దాన్ని పలచని మూత్రంగా తోసేస్తూ, నీటిలోని ఉప్పును తిరిగి మొప్పలతో లాగుతూ ఉంటుంది. ఆ పనికి శక్తి ఖర్చు. నీటిలో లీటరుకు గ్రాము, రెండు గ్రాముల ఉప్పు ఉంటే కార్పు చేపకు ఇబ్బంది లేదు, పైగా ఆ పని తేలికవుతుంది. మనుషులు తాగలేని బోరు నీటిలో చేపలు బతకడానికి కారణం అదే. కానీ ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. గ్రామున్నర ఉప్పున్న నీటితో నింపి, సగం ఆవిరయ్యాక మళ్లీ అదే నీటితో నింపితే అది రెండు గ్రాములు దాటుతుంది. ఇంకోసారి అలాగే చేస్తే మూడు గ్రాములకు వస్తుంది. అప్పుడు చిన్న పిల్లలకు ఇబ్బంది కావచ్చు. ఏటా ఒకసారి కుంట పూర్తిగా ఎండనిచ్చి, తొలి వాన నీటితో కడగడం మేలు.

ఈ ఉప్పుకు ఇంకో మంచి గుణం ఉంది. అమోనియా మారేటప్పుడు మధ్యలో నైట్రైట్ పుడుతుంది. అది మొప్పల ద్వారా రక్తంలోకి పోయి, రక్తాన్ని ఆక్సిజన్ మోయలేనిదిగా చేస్తుంది. మొప్పలు ఎర్రగా ఉండాల్సింది కాఫీ రంగుకు తిరుగుతాయి. నీటిలో మామూలు ఉప్పు ఉంటే అదే దారిలో ముందు ఉప్పు పోతుంది, నైట్రైట్‌కు దారి దొరకదు. వాన నీటితో నిండిన తియ్యని కుంటలో మొప్పలు గోధుమ రంగులో కనబడితే, లక్షా ముప్పై వేల లీటర్లకు రెండు మూడు కిలోల రాళ్ల ఉప్పు కరిగించి చల్లండి. ఉప్పు బోరు నీళ్ల కుంటకు ఈ అవసరం రాదు.

స్ప్రే పంపు కడిగే చోటు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. విడపనకల్లు, పాల్తూరు, గడేకల్లు చుట్టుపక్కల మిరప, పత్తి ఎంత పండుతుందో, ఎన్నిసార్లు మందు కొడతారో మీకు తెలుసు. కుంట తవ్వేది పొలంలో పల్లపు మూలన. వాన పడితే పొలం మీద కొట్టినదంతా చేరేదీ అక్కడికే. డ్రమ్ముకు నీళ్లు పట్టేదీ, పంపు కడిగేదీ కూడా ఆ గట్టు మీదే.

సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ మందులు మనుషుల ఒంట్లో త్వరగా విరిగిపోతాయి. చేప కాలేయానికి వాటిని విరిచే శక్తి చాలా తక్కువ. పైగా మొప్పల మీదుగా రోజంతా నీరు పారుతూనే ఉంటుంది కాబట్టి కాస్త మందున్నా అంతా రక్తంలోకి చేరుతుంది. అది నరాలను పట్టుకుంటుంది. చేప వంకరగా ఈదుతుంది, ఎగిరి పడుతుంది, వణుకుతుంది, ఆపై పక్కకు ఒరుగుతుంది. ప్రొఫెనోఫాస్ లాంటివి ఇంకో దారిలో నరాలనే దెబ్బతీస్తాయి. ఆక్సిజన్ లేక చచ్చే చేప నోరు తెరిచి నెమ్మదిగా చస్తుంది. మందుతో చచ్చే చేప గిలగిల్లాడుతుంది. కప్పలు, నీటి పురుగులు కూడా చచ్చి కనబడితే సందేహం అక్కర్లేదు.

25 శాతం సైపర్‌మెత్రిన్ ఒక మూతెడు, అంటే 10 మిల్లీలీటర్లు, నిండు కుంటలో కలిస్తే లీటరుకు 19 మైక్రోగ్రాములు అవుతుంది. ప్రయోగశాలల్లో చేపలు చచ్చినది అంతకంటే చాలా తక్కువ మోతాదుకే, లీటరుకు కొద్ది మైక్రోగ్రాములకే. బురద నీటిలో మన్ను కొంత మందును పట్టుకుంటుంది. దాన్ని నమ్ముకోకూడదు.

కాబట్టి కుంటకు పై వైపున అడుగు ఎత్తు మట్టి కట్ట వేయండి. నీరు ఒక్క దారినే లోపలికి రావాలి. ఆ దారికి రాయి, మట్టి అడ్డు పెట్టే ఏర్పాటు ఉండాలి. మందు కొట్టిన తర్వాత పడే మొదటి వాన నీటిని కుంటలోకి రానీయక పక్కకు వదిలేయండి. నీళ్ల కరువు సీమలో వాన నీరు వదిలేయమంటే మనసొప్పదు. కానీ చేపలు వేశాక ఆ ఒక్క వాన ధర చాలా ఎక్కువ. డ్రమ్ము నింపడానికి బకెట్ వేరుగా పెట్టండి, పంపు గొట్టం కుంటలో ముంచవద్దు. పక్క పొలం వాళ్లకు కూడా చెప్పండి. వాళ్ల పంపు మీ కుంట గట్టు మీద కడగకూడదని వినయంగానే, కానీ గట్టిగా.

ఈ నీటికి ఏ చేప, ఎన్ని

నిజం చెప్పాలంటే 10 మీటర్ల కుంట ఆదాయానికి చాలదు. అది ఇంటి కూరకు, నలుగురికి ఇవ్వడానికి. అందులో 50 చేపలకు మించి వేయకండి. దాని మీద అప్పు చేయవద్దు. పది సెంట్లు, ఆ పైన ఉన్న కుంట అయితే ఆదాయం గురించి ఆలోచించవచ్చు. అందరూ ఒప్పుకుంటే నలుగురు రైతులు కలిసి ఊరి కుంటను పంచాయతీ నుంచి తీసుకోవడం ఇంకా మేలు. నీటి లోతు, కాపలా రెండూ కుదురుతాయి.

మన దగ్గర నీళ్లు చేరేది సెప్టెంబరు, అక్టోబరు వానలకు. నమ్మకంగా ఉండేది ఫిబ్రవరి దాకా. అయిదారు నెలలే చేతిలో ఉన్నాయి. అందులోనూ డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చలి, నీరు 20 డిగ్రీలకు దిగితే చేప ఒళ్లు నెమ్మదిస్తుంది, తిన్నది అరగదు. ఆ నెలల్లో మేత సగం చాలు. ఎక్కువ వేస్తే అమోనియాగా మారేదే ఎక్కువ. ఇంత తక్కువ గడువులో వేలెడు పిల్లలు వేస్తే పట్టే నాటికి పావు కిలో కూడా రాకపోవచ్చు. ఒత్తుగా, తక్కువ మేతతో ఏడాది పాటు ఎదగనీయక పెంచిన పెద్ద పిల్లలు దొరుకుతాయి. వాటిని విశాలమైన నీటిలో వదిలితే ఆగిన ఎదుగుదలను త్వరగా అందుకుంటాయి. ధర ఎక్కువే, కానీ మన నీటి గడువుకు అవే సరి.

రకం విషయంలో బొచ్చె తక్కువ, శీలావతి కొంచెం ఎక్కువ, అడుగున తిరిగే ఎర్రమోసు, బంగారు తీగ కలిపి వేయండి. బంగారు తీగ తక్కువ ఆక్సిజన్‌ను ఎక్కువ ఓర్చుకుంటుంది, కానీ అడుగు మన్ను తవ్వి నీరు బురద చేస్తుంది. రేగడి కుంటలో అవి పదింట రెండు మించకూడదు. కొర్రమీనుకు తల లోపల గాలి పీల్చే గది ఉంటుంది. ఆక్సిజన్ లేని నీటిలో కూడా పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. కరువు కుంటకు అదే సరైనదని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. గాలి మింగినంత మాత్రాన అమోనియా నుంచి తప్పించుకోలేదు. ఇంకా దాని మేత ఖర్చు వేరే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు ఎవరైనా తక్కువకు తెచ్చి ఇస్తామంటే తీసుకోకండి. మన దేశంలో దాని పెంపకం నిషేధం.

పిల్లలు తెచ్చిన రోజు సంచిని అలాగే విప్పి కుమ్మరించవద్దు. సంచిని కుంటలో పావుగంట తేలనీయండి, వేడి సరిపోతుంది. తర్వాత మూతి విప్పి కుంట నీటిని చెంబుతో కొద్దికొద్దిగా, పావుగంట పాటు పోయండి. సంచిలోని నీరు పీహెచ్ తక్కువగా, కుంట నీరు ఎక్కువగా ఉంటుంది. ఒక్కసారిగా మారితే సంచిలో హాని చేయని అమోనియా కూడా విషంగా తిరుగుతుంది, మొప్పలు కూడా తట్టుకోలేవు. మర్నాడు తెల్లగా తేలిన పిల్లల్లో చాలావరకు ఇలా చచ్చినవే, నర్సరీ వాళ్లు మోసం చేసి కాదు.

మేతకు నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క చాలు. చిల్లులు పెట్టిన సంచిలో వేసి కర్రకు కట్టి నీటిలో వేలాడదీయండి. సాయంత్రం సంచి తీసి చూడండి. మిగిలితే మర్నాడు తగ్గించండి. ఉదయం తొమ్మిది దాటాక వేయండి, ఆక్సిజన్ తక్కువగా ఉండే తెల్లవారున వద్దు.

పట్టడం ఒకేసారి కాదు. డిసెంబరు చివర పెద్దవి, నీళ్లు నాలుగడుగుల గుర్తుకు వచ్చిన రోజున ఇంకొన్ని, ఇంకో అడుగు దిగాక మిగతావన్నీ. పట్టే ముందు రోజు మేత ఆపండి. పొట్ట ఖాళీగా ఉన్న చేప గుంతకల్లు గానీ, బళ్లారి గానీ చేరే వరకు చెడకుండా ఉంటుంది. వల వేసేది తెల్లవారున కాదు, ఎండ తగిలి నీటికి ఊపిరి వచ్చాక, ఎనిమిది దాటాక. లేకపోతే వల కలిపిన బురదకు మిగిలిన చేపలు కూడా ఆ పూటే తేలతాయి.